పాల మొక్క, ఎర్రబడ్డ మొహం

బ్రిస్బేన్‌లో మందుల షాపులో చేరిన కొత్తలో ఒక పెద్దాయన మొహం చూసి హడలిపోయాను. నుదురూ ముక్కూ చెవుల అంచులూ కందిపోయి, పైన చెక్కులు కట్టాయి. మందు పడలేదేమోనని నేను గాబరాపడుతుంటే ఆయన తాపీగా, "మూడో వారం కదమ్మా, ఇలాగే ఉండాలి" అన్నాడు. నలభై ఏళ్లు చెరకు తోటల్లో టోపీ లేకుండా తిరిగిన మనిషి. ఎండ మచ్చలకి ఎఫుడిక్స్ క్రీము రాస్తున్నాడు. ఆ మచ్చలు క్యాన్సర్ కావు, కానీ వదిలేస్తే కొన్ని అవుతాయి. ఇవి కంటికంటే ముందు వేలికి దొరుకుతాయి. తడిమితే ఉప్పుకాగితంలా గరగరలాడతాయి. మన ఒంటిరంగు వాళ్లకి అరుదు కాబట్టి ఇంటి దగ్గర చదువుకునేటప్పుడు నేనొక్కటీ చూడలేదు.

ఆ క్రీములోని మందు పుట్టింది చర్మం కోసం కాదు. ఎలుకల కాలేయంలో గడ్డలు యురాసిల్ అనే పదార్థాన్ని మామూలు కణాలకంటే ఆబగా లాక్కుంటాయని తేలాక, అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని చార్లెస్ హైడెల్‌బర్గర్ ఆ యురాసిల్‌కే ఫ్లోరిన్ తగిలించి ఎర వేశాడు. తిండే అనుకుని మింగిన కణం డీఎన్ఏ కట్టుకోలేక చస్తుంది. ఇది 1957 నాటి మాట. లోపలి క్యాన్సర్లకి దాన్ని నరానికి ఎక్కిస్తుంటే, దక్షిణాఫ్రికాలో ఫాల్క్‌సన్, షుల్జ్ అనే డాక్టర్లు రోగుల చర్మం మీద ఒక వింత గమనించి 1962లో రాశారు. ఎండ మచ్చలు మాత్రమే ఎర్రబడి, మానిపోతున్నాయి. పక్కనున్న మంచి చర్మానికి ఏమీ కాలేదు. సూదిమందు వికటించిందని రాసి వదిలేసి ఉంటే కథ అక్కడితో సరి. ఆ తర్వాత బఫలోలో ఎడ్మండ్ క్లైన్ లాంటివాళ్లు దాన్ని పైపూతగా వాడి చూశారు. అయిదు శాతం క్రీము, రోజుకి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. ఆ మంటే మందు పనిచేస్తోందనడానికి గుర్తు.

"మా అమ్మ ఇవేవీ కొనలేదు" అన్నాడాయన ఇంకోసారి వచ్చినప్పుడు. షాపు వెనక సందులో సిమెంటు పగుల్లోంచి లేచిన చిన్న మొక్కని తుంచాడు. తెల్లటి పాలచుక్క ఉబికింది. వాళ్లమ్మ మచ్చలకి అదే రాసేదట. ఐరోపా నుంచి వచ్చి ఇక్కడి పెరళ్లలో కలుపైన ఆ మొక్కని వీళ్లు రేడియమ్ వీడ్ అంటారు. మన రెడ్డివారి నానుబాలుకి దగ్గర చుట్టం. ఆ నానుబాలు పాలే మా అమ్మమ్మ నా వేలి మీది ఉలిపిరికాయకి రోజూ అద్దేది.

ఆ రేడియమ్ వీడ్ పాలలోంచే బ్రిస్బేన్ శాస్త్రజ్ఞులు ఇంజెనాల్ మెబ్యుటేట్ తీశారు. 2012లో అమెరికాలో పికాటో పేరుతో జెల్‌గా అనుమతి వచ్చింది. మొహానికైతే మూడే రోజులు. వారాల తరబడి ఉడికిన మొహాలు చూసిన నాకు అది వరంలా అనిపించింది. కానీ మూడేళ్లు గమనించిన ఒక పరీక్షలో, పోల్చిన ఇంకో క్రీముకంటే ఇది రాసినచోట చర్మ క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. 2020లో యూరప్‌లో అమ్మకం ఆగిపోయింది. పాత ఎఫుడిక్స్ మాత్రం మా అరలో అలాగే ఉంది.

పెద్దాయన పాలు అంటిన వేలు కంటివైపు పోనిస్తున్నాడు. "ముందు చెయ్యి కడుక్కోండి" అన్నాను, అచ్చం అమ్మమ్మ గొంతుతో.