అమెరికా ఫ్లైట్ ఎక్కుతున్నారా? ‘హిందూ మీల్’ అంటే వెజ్ అనుకోవద్దు.. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి ఇవే!

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు టికెట్, వీసా, సూట్‌కేసు బరువు.. అన్నీ గుర్తుంటాయి. కానీ దాదాపు 24 గంటల ప్రయాణంలో ఏం తినాలి, షుగర్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి అన్నది మాత్రం చివరి నిమిషం దాకా ఎవరూ పట్టించుకోరు. భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోవచ్చు. ఇన్సులిన్ సూట్‌కేసులో పెడితే పాడైపోవచ్చు. తినకుండా బ్యాగులో దాచుకున్న ఒక్క ఆపిల్ పండు దిగిన చోట జరిమానా తెచ్చిపెట్టొచ్చు. అందుకే బుకింగ్ నుంచి ల్యాండింగ్ వరకు చూసుకోవాల్సినవి ఇక్కడ వరుసగా చూద్దాం.

విమానంలో కడుపు ఎందుకు ఉబ్బుతుంది?

విమానం 35 వేల అడుగుల ఎత్తులో ఎగురుతున్నా, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సుమారు 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. ఒత్తిడి తగ్గితే గ్యాస్ వ్యాకోచిస్తుంది. అంటే కడుపులో ఉన్న గాలి దాదాపు మూడో వంతు వరకు పెరగొచ్చు. అందుకే ఇంట్లో అరిగిపోయే రాజ్మా, శనగలు, కూల్ డ్రింక్ అక్కడ ఇబ్బంది పెడతాయి. ప్రయాణానికి ముందు రోజు నుంచే వీటిని తగ్గిస్తే మంచిది.

రెండోది, క్యాబిన్ గాలిలో తేమ సాధారణంగా 20 శాతం కంటే తక్కువే. గొంతు, ముక్కు ఎండిపోతాయి. దానికి తోడు ఆ ఒత్తిడిలో, ఇంజిన్ శబ్దంలో నాలుకకు ఉప్పు, తీపి తక్కువగా తెలుస్తాయి. ‘ఏంటి, ఈ కూరలో ఉప్పే లేదు’ అనిపిస్తుంది. కానీ ఉప్పు ఉంటుంది, మనకు తెలియదంతే. బీపీ ఉన్నవాళ్లు పక్కన ఇచ్చే ఉప్పు ప్యాకెట్ మళ్లీ చల్లుకోవద్దు.

స్పెషల్ మీల్.. పేరు చూసి మోసపోవద్దు

చాలా ఎయిర్‌లైన్స్‌లో ప్రత్యేక భోజనం ఉచితమే. బయల్దేరడానికి కనీసం 24 గంటల ముందు చెప్పాలి. కొన్ని సంస్థలు 48 గంటలు అడుగుతాయి. టికెట్ బుక్ చేసినప్పుడే చెప్పేస్తే తలనొప్పి ఉండదు. ప్రతి భోజనానికి నాలుగు అక్షరాల కోడ్ ఉంటుంది. మనవాళ్లకు పనికొచ్చేవి ఇవి:

• ఏవీఎంఎల్: ఏషియన్ వెజిటేరియన్. మన తరహా మసాలాతో ఉండే శాకాహారం. వెజ్ తినేవాళ్లకు ఎక్కువగా సరిపోయేది ఇదే.

• హెచ్ఎన్ఎంఎల్: హిందూ మీల్. పేరు చూసి వెజ్ అనుకుంటారు. కానీ ఇందులో చికెన్, చేపలు, గుడ్డు ఉండొచ్చు. బీఫ్ మాత్రం ఉండదు.

• వీజేఎంఎల్: జైన్ మీల్. ఉల్లి, వెల్లుల్లి, దుంపలు ఉండవు.

• వీజీఎంఎల్: వీగన్. పాలు, పెరుగు, నెయ్యి కూడా ఉండవు. మసాలా ఉండకపోవచ్చు, చప్పగా అనిపిస్తుంది.

• డీబీఎంఎల్: డయాబెటిక్ మీల్. చక్కెర, కొవ్వు తక్కువ. కానీ ఇది వెజ్ అన్న గ్యారంటీ లేదు.

• ఎల్ఎస్ఎంఎల్: ఉప్పు తక్కువ ఉండే భోజనం.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సాధారణంగా ఒక ప్రయాణికుడికి ఒక కోడ్ మాత్రమే ఇస్తారు. ‘నాకు షుగర్, పైగా నేను శాకాహారిని’ అంటే రెండూ కలిపి దొరకకపోవచ్చు. డీబీఎంఎల్ అడిగిన శాకాహారి అమ్మ ముందుకు చికెన్ ట్రే రావొచ్చు. ఆవిడ మూత తీసి, మళ్లీ మూసేసి, ఖాళీ కడుపుతో కూర్చుంటారు. మాత్ర మాత్రం అప్పటికే వేసుకుని ఉంటారు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. అందుకే శాకాహారులు ఏవీఎంఎల్ తీసుకుని, అందులో స్వీట్, జ్యూస్ పక్కన పెట్టి, అన్నం కొలత చూసుకుని తినడం నయం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు డయాబెటిక్ మీల్‌లో పిండిపదార్థాలు మరీ తక్కువ కావొచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇంకో మాట. మధ్యలో ఫ్లైట్ మారితే, రెండో విమానం వేరే సంస్థది అయితే, మీ రిక్వెస్ట్ అక్కడికి వెళ్లిందో లేదో విడిగా చెక్ చేసుకోవాలి. ఫ్లైట్ టైమ్ మారినా, టికెట్ మార్చినా మళ్లీ చూసుకోవాలి.

మాత్ర టైమ్.. తారీఖు చూడొద్దు, గంటలు లెక్కపెట్టండి

ఒక ఉదాహరణ చూద్దాం. వేసవిలో శంషాబాద్ నుంచి ఉదయం 10 గంటలకు విమానం. నాలుగు గంటల్లో దుబాయ్. అక్కడ రెండున్నర గంటలు ఆగి, 16 గంటల ప్రయాణంతో డల్లాస్. దిగేసరికి అక్కడ గడియారంలో అదే రోజు రాత్రి 10 గంటలు! తారీఖు మారలేదు. కానీ శరీరానికి గడిచింది 22 గంటలన్నర.

ఇప్పుడు రోజుకు రెండు మాత్రలు వేసుకునేవాళ్ల సంగతి చూడండి. పొద్దున మాత్ర ఇంట్లో టిఫిన్‌తో వేసుకున్నారు. రాత్రి మాత్ర మన టైమ్ ప్రకారం 8 గంటలకు రెండో విమానంలో వేసుకున్నారు. డల్లాస్‌లో దిగాక చూస్తే రాత్రి 10. ‘అయ్యో, రాత్రి మాత్ర వేసుకోవాలి కదా’ అనిపిస్తుంది. నిజానికి అప్పటికి మన దగ్గర మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర. శరీరం లెక్కలో అది పొద్దున మాత్ర టైమ్. ఏది వేసుకోవాలి, ఎంత వేసుకోవాలి అన్నది డాక్టర్ ముందే కాగితం మీద రాసివ్వాలి.

అందుకే ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే టికెట్ కాపీ పట్టుకుని డాక్టర్‌ను కలవండి. బయల్దేరే టైమ్, దిగే టైమ్, ఆగే చోటు చూపించండి. పడమటికి వెళ్తే రోజు పొడుగవుతుంది, ఒక డోసు అదనంగా కావాల్సి రావొచ్చు. తిరిగి వచ్చేటప్పుడు రోజు చిన్నదవుతుంది, రెండు డోసులు మరీ దగ్గరైతే షుగర్ పడిపోవచ్చు. దిగేదాకా చేతి గడియారాన్ని మన టైమ్‌లోనే ఉంచుకోవడం తేలికైన పద్ధతి.

భోజనం ముందు తీసుకునే ఇన్సులిన్ అయితే ఒకటే సూత్రం. ట్రే మీ ముందుకు వచ్చాకే తీసుకోండి. బండి రెండు వరుసల అవతల కనిపించినా తొందరపడొద్దు. కుదుపులు మొదలైతే సర్వీస్ ఆపేస్తారు, అరగంటో గంటో పట్టొచ్చు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లకూ ఇదే జాగ్రత్త అవసరం. ప్రయాణం రోజు శనివారమైనా, ఏకాదశి అయినా షుగర్ మందులు వాడేవాళ్లు ఒక్కపొద్దు ఉండొద్దు.

షుగర్ పడిపోతే ఏం చేయాలి?

చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, కళ్లు తిరగడం, మాట తడబడటం.. ఇవి షుగర్ పడిపోతున్న గుర్తులు. వెంటనే 15 గ్రాముల తీపి తీసుకోవాలి. అంటే మూడు చెంచాల చక్కెర లేదా చిన్న గ్లాసు జ్యూస్. 15 నిమిషాలాగి మళ్లీ చెక్ చేయాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అంతే తీసుకోవాలి. తేరుకున్నాక బిస్కెట్లో, చపాతీనో తినాలి. గ్లూకోజ్ పొడి జేబులో ఉండాలి, తల మీద ఉన్న బ్యాగులో కాదు. సీటు బెల్టు లైట్ వెలిగితే లేవనివ్వరు.

ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లు ఇంగ్లిష్ రాదని మొహమాటపడి ఏమీ అడగరు. వాళ్ల కోసం పిల్లలు ఒక కార్డు రాసివ్వాలి. ‘నాకు షుగర్ ఉంది, ఒంట్లో బాలేకపోతే తీపి జ్యూస్ ఇవ్వండి’ అని ఇంగ్లిష్‌లో రాసి, మందుల పేర్లు, ఇంటివాళ్ల నంబర్ కింద పెట్టాలి. ఎక్కగానే ఎయిర్ హోస్టెస్‌కు ఆ కార్డు చూపిస్తే చాలు.

ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలి?

చేతి బ్యాగులోనే. కార్గోలో చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకట్టిన ఇన్సులిన్ పనిచేయదు. పైగా సూట్‌కేసు తప్పిపోతే మందు కూడా పోయినట్టే. ఐసు ముక్కకు నేరుగా తగలకుండా చల్లటి పౌచ్‌లో పెట్టుకోండి. వాడకంలో ఉన్న పెన్ను మామూలు గది ఉష్ణోగ్రతలో సాధారణంగా నాలుగు వారాల వరకు ఉంటుంది. మీ ప్యాక్ మీద ఏం రాసి ఉందో ఒకసారి చూసుకోండి.

సెక్యూరిటీ దగ్గర 100 మిల్లీలీటర్ల నిబంధన మందులకు, పసిపిల్లల ఆహారానికి వర్తించదు. కానీ విడిగా తీసి చూపించాలి. ఇంగ్లిష్‌లో ఉన్న ప్రిస్క్రిప్షన్, అసలు ప్యాకింగ్ దగ్గర ఉంటే ప్రశ్నలు తక్కువ. మందులన్నీ అవసరం కంటే ఎక్కువ రోజులకు సరిపడా తీసుకెళ్లండి. ఇన్సులిన్ పంప్, సెన్సర్ పెట్టుకున్నవాళ్లు స్కానర్ గురించి కంపెనీ సూచనలు ముందే చదవాలి.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లొచ్చు?

• పుట్నాలు, మరమరాలు, ఖాక్రా, ఉప్పు లేని బాదం, బిస్కెట్లు: తేలిగ్గా ఉంటాయి, పాడవవు.

• పులిహోర, ఇడ్లీ, చపాతీ: మొదటి ఫ్లైట్‌లోనే తినేయాలి. రెండో దాని దాకా దాచొద్దు.

• పెరుగు, పచ్చడి, నెయ్యి: సెక్యూరిటీలో ఆపే అవకాశం ఎక్కువ. పెరుగు ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్లాక కొనుక్కోండి. ఆవకాయ గట్టిగా ప్యాక్ చేసి సూట్‌కేసులో పెట్టండి.

• ఎండు కొబ్బరి: దానంతట అదే వేడెక్కి అంటుకునే స్వభావం ఉండటంతో ప్రమాదకర వస్తువుల జాబితాలో ఉంది. కుడక చిప్పలు లగేజీలో పెట్టొద్దు.

పల్లీలు, జీడిపప్పు లాంటివి పడనివాళ్లు బుకింగ్‌లోనే చెప్పాలి. అయినా విమానమంతా నట్స్ లేకుండా చేస్తామని ఏ సంస్థా గట్టిగా హామీ ఇవ్వలేదు. మీ మందు, మీ తిండి మీ దగ్గరే ఉండాలి.

నీళ్లు తాగడం మానొద్దు

మాటిమాటికీ బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని చాలామంది పెద్దవాళ్లు నీళ్లే తాగరు. బీపీకి వాడే నీళ్ల మాత్ర కూడా మానేస్తారు. రెండూ తప్పే. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. అందుకే నడవ పక్క సీటు బుక్ చేయండి. గంటా రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ ఉండండి. గుండె, కిడ్నీ సమస్యలతో నీళ్లకు కొలత ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పినంతే తాగాలి. మందు పార్టీకి మాత్రం దూరంగా ఉండండి. ఆల్కహాల్ తాగిన కొన్ని గంటల తర్వాత కూడా షుగర్‌ను పడేయొచ్చు.

దిగే ముందు బ్యాగు ఒకసారి చూసుకోండి

2018లో పారిస్ నుంచి అమెరికా వచ్చిన ఒక ప్రయాణికురాలు విమానంలో ఇచ్చిన ఆపిల్‌ను తర్వాతి ఫ్లైట్‌లో తిందామని బ్యాగులో పెట్టుకున్నారు. తనిఖీలో దొరికింది. 500 డాలర్ల జరిమానా! పండు ఎవరిచ్చారన్నది కాదు, డిక్లేర్ చేశారా లేదా అన్నదే అక్కడ లెక్క.

తాజా పండ్లు, కూరగాయలు, మాంసంతో చేసినవి తీసుకెళ్లొద్దు. మన ఇళ్లలో తప్పనిసరి అయిన పచ్చి కరివేపాకు కూడా నిషేధమే. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది. ఖాప్రా పురుగు భయంతో ఇండియా నుంచి బియ్యాన్నీ అనుమతించరు. తినే వస్తువు ఏదున్నా ‘ఉంది’ అనే చెప్పండి. చెప్పి చూపిస్తే మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. దాచి దొరికితేనే జరిమానా.

బయల్దేరే ముందు రాత్రి చెక్ లిస్ట్

1. రెండు ఫ్లైట్లకూ మీల్ కోడ్ కన్ఫర్మ్ అయిందా?
2. మందుల టైమ్ రాసిన కాగితం చేతి బ్యాగులో ఉందా?
3. ఇన్సులిన్, గ్లూకోమీటర్, ప్రిస్క్రిప్షన్ పెట్టుకున్నారా?
4. జేబులో తీపి, బ్యాగులో ఒక పూట తిండి ఉన్నాయా?
5. ఇంగ్లిష్ కార్డు అమ్మ చేతికి ఇచ్చారా?

ఈ ఐదూ సరిచూసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఎయిర్‌పోర్టులో హడావిడిగా వీడ్కోలు చెప్పేటప్పుడు కాదు, ముందు రాత్రి సూట్‌కేసు మూసేటప్పుడే అమ్మానాన్నలతో కూర్చుని చూడండి.

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. మందుల డోసు, టైమ్ మార్చే ముందు మీ డాక్టర్‌ను తప్పకుండా సంప్రదించండి. విమాన సంస్థలు, కస్టమ్స్ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రయాణానికి ముందు మరోసారి చెక్ చేసుకోండి.