సమత్వరణ చలనం: తర్కపాఠం నుండి వాలుపలకకు

సమత్వరణ చలన సమస్యను సాధించే విద్యార్థి నేడు సూత్రంతో మొదలుపెడతాడు. చరిత్రలో సూత్రం కంటే ముందు నిర్వచనం పుట్టింది. అది పుట్టింది ప్రయోగశాలలో కాదు, తర్కశాస్త్ర పాఠంలో.

ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాల పండితుడు విలియం హేట్స్‌బరీ 1335లో రచించిన లాటిన్ గ్రంథం, చిక్కుప్రశ్నలను విడదీసే నియమాలను తర్కవిద్యార్థులకు బోధించేది. సమాన కాలాల్లో సమానంగా పెరిగే వేగాన్ని ఆనాటివారు ‘ఏకరీతిగా విషమమైనది’ అన్నారు. వేగం విషమమే, కాని ఆ వైషమ్యానికి ఒక క్రమం ఉంది. తెలుగు పాఠ్యపుస్తకాల ‘సమత్వరణం’ ఆ క్రమాన్ని మాత్రమే చెబుతుంది. పదం సుబోధమే గాని, లాటిన్ మాటలోని విరోధాభాస ఇందులో లేదు.

అట్లా కదిలే వస్తువు పోయే దూరం, సగం కాలం గడిచిన క్షణాన దానికున్న వేగంతో నిలకడగా పోయే వస్తువు దూరానికి సమానమని మెర్టన్ పండితులు తేల్చారు. నేటి లెక్కలో చెప్పాలంటే, నిశ్చలస్థితి నుండి బయలుదేరిన బండి 4 సెకన్లలో సెకనుకు 20 మీటర్ల వేగం అందుకుంటే, మధ్యమవేగం 10, దూరం 40 మీటర్లు. మొదటి 2 సెకన్లలో 10 మీటర్లు, తరువాతి 2 సెకన్లలో 30. ఈ 1:3 నిష్పత్తి హేట్స్‌బరీకి తెలిసినదే. 14వ శతాబ్ది మధ్యకాలంలో ఫ్రెంచి పండితుడు నికోల్ ఒరేమ్ దీనిని త్రిభుజంగా గీశాడు: కాలం భూమి, వేగం ఎత్తు, వైశాల్యమే దూరం.

అయితే పడే రాయి ఇట్లాగే పడుతుందా అన్నది వారి ప్రశ్న కాదు. 16వ శతాబ్దంలో స్పెయిన్ పండితుడు దొమింగో దె సోతో అవునన్నాడు గాని, కొలిచి చూపలేదు. గెలీలియో 1604లో పావొలో సార్పికి రాసిన లేఖలో, దూరం కాలవర్గానికి అనులోమంగా ఉంటుందన్న సరైన ఫలితమే ఉంది. దానికి ఆయన చూపిన ఆధారం మాత్రం తప్పు: వేగం పడిన దూరాన్ని బట్టి పెరుగుతుందని. దూరమే లేని తొలి క్షణాన వేగమూ ఉండదు. ఇక వస్తువు కదలడమెట్లా?

1638లో లైడెన్‌లో వెలువడిన ‘రెండు కొత్త శాస్త్రాలు’లో దూరం స్థానంలో కాలం నిలిచింది. సమత్వరణంపై అందులోని తొలి సిద్ధాంతం ఆ పాత మధ్యమవేగ నియమమే. కొత్తదల్లా దానికి తోడైన కొలత: సుమారు 12 మూరల దూలంలో నున్నని గాడి, కంచు గుండు, సన్నని గొట్టం గుండా కారిన నీటిని తూచి కట్టిన కాలం. సంభాషణా రూపంలో ఉన్న ఈ గ్రంథంలో పాత పొరపాటు కూడ మరుగున పడలేదు. సగ్రెదో అనే పాత్ర దానిని తన అభిప్రాయంగా ప్రతిపాదిస్తుంది. గ్రంథకర్త కూడ కొంతకాలం ఆ భ్రమలోనే ఉన్నాడని సాల్వియాతి బదులిస్తాడు.