గీత పడినా లోపమే, షాక్ కొట్టినా లోపమే

తయారైన సరుకులో లోపాలెన్ని అని లెక్కపెట్టడం ఏ ఫ్యాక్టరీలోనైనా ఉన్నదే. లోపాలన్నీ ఒక్క తీరువి కావని ఒప్పుకుని, తీవ్రతను బట్టి తరగతులు చేసి మార్కులు కట్టే పద్ధతికి గట్టి రూపం వచ్చింది మాత్రం అమెరికాలోని బెల్ టెలిఫోన్ వ్యవస్థలో. అక్కడి ఇంజనీరు హెరాల్డ్ డాడ్జ్ 1928లోనే సరుకుకు రేటింగ్ కట్టే విధానంపై వ్యాసం ప్రచురించాడు. బెల్‌లో స్థిరపడిన లెక్కలో ‘ఎ’ తరగతి లోపానికి 100 మార్కులు, ‘బి’కి 50, ‘సి’కి 10, ‘డి’కి 1. ఈ ఆలోచన టెలిఫోన్ల దగ్గరే పదునెక్కడం కాకతాళీయం కాదని నా నమ్మకం. ఆ రోజుల్లో చందాదారుడి ఇంట్లో ఉండే బెల్ ఫోను అతని సొంతం కాదు, అద్దెది. ఫోన్లు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్, వాటిని నడిపే కంపెనీలు ఒకే యాజమాన్యం కింద ఉండేవి. ఫోను మొరాయిస్తే మనిషిని పంపి బాగుచేయించే ఖర్చూ ఆ యాజమాన్యానిదే. అందుకే మనిషికి గాయం చేయగల లోపాలతో పాటు, వాడుకలో చెడిపోయి ఉన్నచోట తేలిగ్గా బాగుచేయలేని లోపాలనూ ‘ఎ’లోనే చేర్చారు. పైడొప్ప మీది చిన్న గీత ‘డి’లో పడింది. గీత చూడగానే కనబడుతుంది, లోపల వదులైన తీగ కనబడదు. అయినా మార్కులు తీగకే ఎక్కువ.

ఈ 100, 50 అంకెలకు ఆధారమేమిటని అడగవచ్చు. అవి అనుభవం మీద కుదుర్చుకున్న ఒప్పందాలే. కానీ అంకెలే వేయకపోతే లోపాలన్నిటికీ ఒకే విలువ కట్టినట్టు. అంతకన్నా అన్యాయమైన లెక్క ఉండదు. ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఒకటుంది: మార్కులు కూడితే వంద గీతలూ ఒక ప్రాణాంతకమైన లోపమూ సమానమైపోతాయి. ఇది నిజంగా బలహీనతే. 1950లో అమెరికా సైన్యం తెచ్చిన మిల్ స్టాండర్డ్ 105 అనే తనిఖీ ప్రమాణం ఈ కూడిక జోలికి పోకుండా లోపాలను క్రిటికల్, మేజర్, మైనర్ అని విడదీసి, వేటి హద్దు వాటికి పెట్టుకునే వీలిచ్చింది. తర్వాత 1960లలో మార్టిన్ కంపెనీ క్షిపణుల తయారీ నుంచి వచ్చిన ‘జీరో డిఫెక్ట్స్’ ఉద్యమం, ఇన్ని లోపాలుంటే ఫరవాలేదన్న ఆలోచననే తప్పుపట్టింది. ఆ విమర్శ న్యాయమైనదే, కాని అది తగిలేది లోపాలకు ఇచ్చే అనుమతికి, విభజనకు కాదు. 1996లో వచ్చిన మిల్ స్టాండర్డ్ 1916 తనిఖీకి తీసిన శాంపిల్‌లో ఒక్క లోపం దొరికినా ఆ లాట్‌ను, అంటే ఆ విడత సరుకు మొత్తాన్ని, ఒప్పుకోవద్దంది. క్రిటికల్, మేజర్, మైనర్ విభజనను మాత్రం అలాగే ఉంచింది.