వెబ్‌లో కంపైల్డ్ భాషల పునరాగమనం

1. విషయ పరిచయం

"స్క్రిప్టింగ్ భాషల కాలం అయిపోయింది, ఇక గో, రస్ట్ నేర్చుకోవాలి" అనే మాట మీరు వినే ఉంటారు. ఉద్యోగం చేసుకుంటూ, కష్టపడి ఫీజు కట్టి ఒక భాష నేర్చుకుంటున్న విద్యార్థికి ఇది చిన్న విషయం కాదు. నేర్చుకున్నది వదిలేయాలా, కొనసాగించాలా అనే ప్రశ్న ఎదురవుతుంది. ఆ మాటలో నిజమెంతో ఈ పాఠ్యభాగంలో చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం.

ముందుగా రెండు రకాల భాషల మధ్య తేడా తెలుసుకోవాలి. ఒక పుస్తకాన్ని ముందే పూర్తిగా అనువదించి అచ్చువేసి పాఠకుడికి ఇవ్వవచ్చు. లేదా పక్కన ఒక దుబాసీని నిలబెట్టి వాక్యం వాక్యం చెప్పించుకోవచ్చు. మొదటిది కంపైల్డ్ భాష పద్ధతి. ప్రోగ్రామ్ మొత్తం ముందే యంత్రభాషలోకి మారుతుంది. రెండవది స్క్రిప్టింగ్ భాష పద్ధతి. ప్రోగ్రామ్ నడిచేటప్పుడే అనువాదం జరుగుతుంది. అచ్చు పుస్తకం చదవడం వేగంగా సాగుతుంది. కానీ మూలంలో ఒక్క మాట మార్చినా మళ్లీ అచ్చువేయాలి. దుబాసీకైతే ఆ ఇబ్బంది లేదు.

2. స్క్రిప్టింగ్ భాషలు ఎందుకు గెలిచాయి?

1993లో అమెరికాలోని ఎన్.సి.ఎస్.ఎ. కేంద్రంలో సి.జి.ఐ. అనే ఏర్పాటు రూపుదిద్దుకొంది. దీనివల్ల వెబ్ సర్వర్ ఒక ప్రోగ్రామ్‌ను నడిపి, అప్పటికప్పుడు పేజీని తయారుచేసి పంపగలిగింది. ఆ ప్రోగ్రామ్‌లను మొదట్లో సి భాషలోనూ, పెర్ల్‌లోనూ రాసేవారు. వెబ్ పేజీ అంటే ప్రధానంగా అక్షరాల కూర్పు. అటువంటి పనికి 1987లో లారీ వాల్ విడుదల చేసిన పెర్ల్ చక్కగా సరిపోయింది. 1995లో రాస్మస్ లెర్‌డార్ఫ్ పి.హెచ్.పి. పనిముట్లను అందరికీ అందుబాటులోకి తెచ్చారు. అదే సంవత్సరం జావాస్క్రిప్ట్, రూబీ కూడా వచ్చాయి.

మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ భాషలు నెమ్మదిగా నడుస్తాయని అప్పుడూ అందరికీ తెలుసు. అయినా సైట్లు చిన్నవి, సందర్శకులు తక్కువ. యంత్రం చేసే శ్రమ కంటే ప్రోగ్రామర్ సమయమే ఖరీదైనది. ఫైలు మార్చి సేవ్ చేస్తే మార్పు వెంటనే పేజీలో కనిపించడం పెద్ద సౌకర్యం. నెమ్మదితనాన్ని భరించడానికి ఆ సౌకర్యమే కారణం.

3. లెక్క తారుమారైన సందర్భం

సైట్లు పెరిగేకొద్దీ ఈ లెక్క మారింది. 2004లో మొదలైన ఫేస్‌బుక్‌ను పి.హెచ్.పి.లో రాశారు. వినియోగదారులు కోట్లలోకి చేరేసరికి, ఒక్కో పేజీకి కొంచెం అదనపు శ్రమ అన్నా అది వేల సర్వర్ల ఖర్చుగా మారింది. 2010లో ఆ సంస్థ హిప్‌హాప్ అనే సాధనాన్ని ప్రకటించింది. అది పి.హెచ్.పి. ప్రోగ్రామ్‌ను సి ప్లస్ ప్లస్‌లోకి మార్చి కంపైల్ చేసేది. వెబ్ సర్వర్ల ప్రాసెసర్ వినియోగం సగటున దాదాపు సగం తగ్గిందని సంస్థ తెలిపింది. ప్రోగ్రామర్లు మాత్రం పి.హెచ్.పి.లోనే రాస్తూ వచ్చారు. అంటే ఇక్కడ భాషను వదలలేదు, దాన్ని నడిపే పద్ధతిని మార్చారు.

రెండో కారణం తప్పుల గుర్తింపు. స్క్రిప్టింగ్ భాషలో చాలా తప్పులు ఆ వాక్యం నడిచినప్పుడే బయటపడతాయి. వందలమంది కలిసి రాసే ప్రోగ్రామ్‌లో ఇది ప్రమాదకరం. కంపైలర్ అనేక తప్పులను ముందే పట్టుకుంటుంది. 2012లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన టైప్‌స్క్రిప్ట్, 2014లో ఫేస్‌బుక్ తెచ్చిన హ్యాక్ ఈ అవసరం నుంచి పుట్టినవే.

4. కొత్త తరం కంపైల్డ్ భాషలు

2007లో గూగుల్‌లో రాబర్ట్ గ్రీజమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ గో భాష రూపకల్పన ప్రారంభించారు. 2009లో దాన్ని ప్రకటించారు. 2012లో తొలి స్థిర రూపం వెలువడింది. పెద్ద సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్‌లు కంపైల్ కావడానికి పట్టే సుదీర్ఘ సమయం వారిని విసిగించింది. అందుకే గో త్వరగా కంపైల్ అయ్యేలా రూపొందింది. వాడని మెమరీని తానే ఖాళీ చేస్తుంది. ఒకేసారి వేల అభ్యర్థనలను సులువుగా నిర్వహిస్తుంది.

సి ప్లస్ ప్లస్ వాడేవారు గో వైపు వస్తారని రూపకర్తలు ఊహించారు. కానీ వచ్చినవారిలో ఎక్కువమంది పైథాన్, రూబీ వంటి భాషల నుంచి వచ్చారని 2012లో పైక్ స్వయంగా చెప్పారు. ఈ పాఠానికి ఇదే కీలకం. స్క్రిప్టింగ్ భాషలు అకస్మాత్తుగా నెమ్మదించలేదు. కంపైల్డ్ భాషలే వాటి సౌలభ్యాన్ని చాలావరకు నేర్చుకున్నాయి.

2013లో ఐరన్ డాట్ ఐఓ సంస్థ రూబీ నుంచి గోకు మారి, 30 సర్వర్ల పనిని 2 సర్వర్లతో చేస్తున్నట్లు రాసింది. డ్రాప్‌బాక్స్ వేగం ముఖ్యమైన భాగాలను పైథాన్ నుంచి గోకు మార్చింది. 2014 నాటికి ఆ సంస్థ వద్ద దాదాపు 2,00,000 వరుసల గో ప్రోగ్రామ్ ఉంది. రస్ట్ తొలి స్థిర రూపం 2015లో వచ్చింది. 2020లో డిస్కార్డ్ తన సేవల్లో ఒకదాన్ని గో నుంచి రస్ట్‌కు మార్చినట్లు తెలిపింది. అంటే కంపైల్డ్ భాష స్థానంలోకి కూడా మరో కంపైల్డ్ భాష రావచ్చు.

5. ఆధారాలను ఎలా చదవాలి?

ఇవన్నీ ఆయా సంస్థలు చెప్పుకున్న విషయాలు. విజయం సాధించినవారు రాసినంతగా విఫలమైనవారు రాయరు. పైగా ఏ ప్రోగ్రామ్‌నైనా తిరిగి రాస్తే పాత లోపాలు కూడా పోతాయి. కాబట్టి లాభమంతా భాషదే అనుకోకూడదు.

ఎదురు ఆధారాలూ చూడాలి. వికీపీడియా 2014లో ఫేస్‌బుక్ తయారుచేసిన హెచ్.హెచ్.వి.ఎం. అనే వేగవంతమైన వ్యవస్థకు మారింది. 2015 చివరలో వచ్చిన పి.హెచ్.పి. 7 వేగం బాగా పెరగడంతో 2019లో తిరిగి పి.హెచ్.పి.కే వచ్చింది. వర్డ్‌ప్రెస్ నేటికీ పి.హెచ్.పి.లోనే నడుస్తోంది. ఇన్‌స్టాగ్రామ్ పైథాన్‌తోనే ఎదిగింది.

6. సారాంశం

స్క్రిప్టింగ్ భాషలు పూర్తిగా తొలగిపోలేదు. రద్దీ, ఖర్చు ఎక్కువగా ఉన్న భాగాల్లో కంపైల్డ్ భాషలు చోటు సంపాదించాయి. మిగిలిన చోట్ల పాత భాషలు తమను తాము సరిదిద్దుకుని నిలిచాయి. ప్రోగ్రామర్ సమయం, యంత్రం ఖర్చు, తప్పు వల్ల కలిగే నష్టం అనే మూడింటిలో ఏది భారమైతే దాన్ని బట్టి ఎంపిక మారుతూ వచ్చింది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల బోర్డుల మీద పేర్లు మారినప్పుడల్లా మీరు నేర్చుకున్నది వ్యర్థమైందని భయపడనక్కరలేదు. ఒక భాషను లోతుగా నేర్చుకోండి. మరో భాషను చూసినప్పుడు, అది ఈ మూడింటిలో ఏ భారాన్ని తగ్గిస్తోందో అడగండి.

7. నమూనా పరీక్షా ప్రశ్నలు

1. 1990లలో వెబ్ రచనకు స్క్రిప్టింగ్ భాషలు అనుకూలం కావడానికి కారణాలను వివరించండి.
2. ఫేస్‌బుక్, డ్రాప్‌బాక్స్ అనుసరించిన మార్గాల మధ్య తేడాను చర్చించండి.
3. "కంపైల్డ్ భాషలు స్క్రిప్టింగ్ భాషలను తొలగించాయి" అనే అభిప్రాయాన్ని వికీపీడియా ఉదాహరణతో పరిశీలించండి.