నాలుగు ట్రాకుల క్యాసెట్టు

1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరమునందలి బ్రాంక్సులో కూల్ హెర్క్ అను యువకుడు రికార్డులు త్రిప్పిన విందునుండి హిప్‌హాప్ చరిత్రను లెక్కించుట ఆచారము. కాని ఇంటిలో కూర్చుండి లయలను తూచి కలుపు విద్యకు పుట్టినిల్లు వేఱు. 1979లో టాస్కామ్ సంస్థ వెలయించిన పోర్టాస్టూడియో, సామాన్యమైన క్యాసెట్టుపైననే నాలుగు ట్రాకులకు చోటు కల్పించెను. మూడు నిండిన పిమ్మట వానిని నాల్గవదానిలోనికి దింపి, ఖాళీయైన చోట క్రొత్త ధ్వనిని నింపవలెను. దింపిన ప్రతిసారియు తారధ్వనులు మందగించి టేపు బుస హెచ్చెడిది. కావున, ఊరిన తరువాతి రుచి నెఱిగి ఉప్పు వేయు గృహిణివలె, తాళపు తళుకును ముందే ఒకింత హెచ్చించి యుంచెడివారు.

1987లో వచ్చిన, రికార్డులలోని ధ్వనిముక్కలను దాచుకొని మరల మ్రోగించు ఎస్పీ-1200 యంత్రమునకు జ్ఞాపకశక్తి పది సెకండ్లే! అందుచే 33 వేగపు రికార్డును 45 వేగమున త్రిప్పి నింపి, లోపల మరల నెమ్మదింపజేసిరి. ఆ పిసినారితనమునుండి పుట్టిన గరుకుదనమే, నా దృష్టిలో, ఆనాటి లయలకు సొగసు.

ధ్వనులను కలుపుటలో అసలు చిక్కు మంద్రస్థాయిలో నుండెను. కిక్ డ్రమ్మును బేసును ఒకే ఒఱలోని రెండు కత్తులు. ఈక్వలైజరుతో ఒకదానిని 60 హెర్ట్జుల చెంత తగ్గించి రెండవదానికి త్రోవ విడువనిచో, రెండును కలిసి బురదయగును. గదిలో కుదిరినట్లు తోచిన మిశ్రమమును కారులో వినిచూచి, తలుపులు అదరినచో మరల ఇంటికి వచ్చి మీట త్రిప్పెడివారు.