కలరా క్రిమి మార్పులపై ఆసుపత్రుల నిఘా

హైదరాబాద్: కలరా రోగుల సంఖ్యను లెక్కించుట మాత్రమే చాలదు, వ్యాధికారక క్రిమి ఏ రకమో ఏటా పరీక్షించి నమోదు చేయుట అత్యవసరము.

1961లో ఇండోనేషియాలో మొదలైన ఏడవ ప్రపంచవ్యాప్తిలో ఓ1 వర్గపు ఎల్‌టార్ రకము 1964లో భారతదేశానికి చేరి, పాత క్లాసికల్ రకము స్థానాన్ని ఆక్రమించినది. 1992లో మద్రాసులో ఓ139 అను కొత్త రకము బయల్పడినది. ఓ1 వలన కలిగిన రోగనిరోధక శక్తి దానిని అడ్డుకొనలేదు. తదుపరి ఓ139 తగ్గిపోగా, క్లాసికల్ విషపు జన్యువును సంతరించుకొన్న ఎల్‌టార్ వ్యాపించినది. ఆసుపత్రులలో రోగుల మల నమూనాలను ఏళ్ల తరబడి పరీక్షించినందువలననే ఈ మార్పులు వెల్లడైనవి.

జంటనగరాలలో అంటువ్యాధుల చికిత్సకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి చిరకాలంగా కేంద్రము. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో తాగునీరు కలుషితమై కలరా ప్రబలి, ప్రాణనష్టము సంభవించినది.

క్రిమి మారినను ఓఆర్‌ఎస్ ద్రావణమే ప్రాణాధారము. మారునది యాంటీబయాటిక్ ఎంపిక. క్రిమి ఏ మందుకు లొంగునో నమూనా పరీక్షయే తెలుపును. కనుక విరేచనాల రోగికి వెంటనే ఓఆర్‌ఎస్ తాగించుచు ఆసుపత్రికి తరలించవలెను. యాంటీబయాటిక్ ఇచ్చుటకు ముందే నమూనా సేకరించుట మేలు. మాదాపూర్ పరిసరాలలోని హాస్టళ్లు, అపార్ట్‌మెంట్ల నిర్వాహకులు నీటి సంపులను శుభ్రపరచి, క్లోరినేషన్ జరిపించవలెను.