జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం

మనోవ్యాధుల చికిత్సను నగరాల్లోని పెద్దాసుపత్రుల నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చేందుకు భారత ప్రభుత్వం 1996లో మొదలుపెట్టిన పథకం ఇది. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం (1982) కింద నడుస్తుంది.

హైదరాబాదులో మానసిక వైద్యశాల ఉన్న ‘ఎర్రగడ్డ’ అంటే పేట పేరు కన్నా ముందు ఎగతాళి గుర్తొస్తుంది. అక్కడ చూపించుకున్నారని తెలిస్తే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని భయపడే ఇళ్లు ఎన్నో. దూరాభారం సరేసరి. జ్వరానికి, దగ్గుకు వెళ్లే చోటే దీనికీ మందు దొరికితే ఈ రెండు చిక్కులూ కొంతైనా సడలుతాయన్నదే పథకం వెనకున్న ఆలోచన.

ఆ ఆలోచన 1975 ప్రాంతంలో రెండు చోట్ల పరీక్షకు నిలిచింది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆ నగర శివారు సకలవారలోను, చండీగఢ్‌లోని వైద్య సంస్థ పీజీఐ హర్యానాలోని రాయపూర్ రాణిలోను ప్రయోగాలు చేశాయి. మామూలు ఎంబీబీఎస్ డాక్టరుకు కొద్దిపాటి శిక్షణ, కొన్ని ముఖ్యమైన మందులు, ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్త ఉంటే పల్లెల్లో చాలామందికి వైద్యం అందించవచ్చని తేలింది. 1982లో జాతీయ కార్యక్రమం ప్రకటించారు గానీ దానికి తగిన నిధులు కేటాయించలేదు. 1985 నుంచి బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ నడిపిన ప్రయోగమే తర్వాత దేశమంతటికీ నమూనా అయింది. అలా 1996-97లో ఆంధ్రప్రదేశ్, అస్సాం, రాజస్థాన్, తమిళనాడులలో ఒక్కో జిల్లాలో పథకం మొదలైంది. ఇప్పుడది దేశంలోని అత్యధిక జిల్లాల్లో ఉంది.

పథకం ఇంకా అన్ని చోట్లకూ చేరకముందే, 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా సమీపంలో మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసిన రోగులు తప్పించుకోలేకపోయారు. 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే ఈ కేసు చేపట్టింది. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది, ప్రభుత్వ వ్యవస్థలో మానసిక వైద్యం పొందడాన్ని హక్కుగా గుర్తించింది.

హక్కు రాసినంత తేలిగ్గా మందు అందలేదు. నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే (2015-16) ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని అప్పట్లో తేలింది. లోపం పథకం ఊహలో కన్నా నడిపే తీరులోనే ఎక్కువ. శిక్షణ పొందిన డాక్టరు బదిలీ అయితే ఆ కేంద్రంలో పని మళ్లీ మొదటికొస్తుంది. సైకియాట్రిస్టు, సైకాలజిస్టు పోస్టులు ఖాళీగా ఉంటాయి. స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకు నెలల తరబడి, ఏళ్ల తరబడి మందులు వాడాలి. ఒక నెల మాత్రలు రాకపోతే, అంతవరకు కుదుటపడిన మనిషికి జబ్బు తిరగబెట్టవచ్చు. ఇలాంటి పథకాన్ని ఎన్ని జిల్లాల్లో ప్రారంభించారన్న లెక్కతో కాక, మందులు ఎన్ని నెలలు ఆగకుండా అందాయన్న లెక్కతో కొలవాలి.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే ఫోను సహాయ సేవను ప్రారంభించింది. 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నేరుగా వైద్యం అవసరమైన వారిని అక్కడి నుంచి పంపే చోట్లలో జిల్లా కార్యక్రమ కేంద్రం ఒకటి.